పెంకుటింటి బేరం

చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు ఏళ్ల తరబడి ఉద్యోగం చేసిన మైదాన ప్రాంతం వాళ్లు రిటైర్మెంటు దగ్గరపడేసరికి నర్సీపట్నంలో ఇల్లు వెతుక్కోవడం మామూలే. ఏజెన్సీలో గిరిజనేతరులు స్థిరాస్తి కొనడానికి 1/70 చట్టం ఒప్పుకోదు. కొండవాళ్ల భూమి కొండవాళ్లకే మిగలాలని 1970లో తెచ్చిన చట్టం అది, తప్పుపట్టాల్సింది లేదు. అందుకే కొండ దిగి ఇక్కడికొస్తారు. 2022 ఏప్రిల్లో ఈ ఊరు విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి మారింది గానీ, ఇల్లు అమ్మేవాళ్లు ధర చెప్పేటప్పుడు మాత్రం ఇంకా విశాఖనే తలుచుకుంటారు!

అలా దిగొచ్చిన ఓ మేస్టారి సంగతే తీసుకుందాం. చేతిలో ఉన్నది రిటైర్మెంటు డబ్బు. మళ్లీ పుట్టేది కాదు. కొత్త ఇల్లు అందదు. నూటయాభై గజాల్లో పాత పెంకుటిల్లొకటి అమ్మకానికుందని తెలిసింది. ముప్ఫై లక్షలు చెప్పారు. మేస్టారు బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్లారు. ఆ బావమరిది బేరాల్లో ఘనాపాఠీనని అనుకుంటాడు. గుమ్మంలో అడుగుపెడుతూనే, "ఈ కొంపకి ముప్ఫయ్యా? ఎలాగూ పడగొట్టేదే కదా, స్థలం ఖరీదు పదిహేను తీసుకోండి" అన్నాడు.

ఇంటాయన డెబ్భై దాటిన మనిషి. "మా నాన్న కట్టింది కొంపేటి బాబూ?" అని లేచి లోపలికెళ్లిపోయారు. మంచినీళ్లు తెచ్చిన కోడలు గ్లాసులతో అలాగే నిలబడిపోయింది.

సగం ధరకి అడగడం తప్పని కాదు. అడిగేవాడికి ఆ హక్కుంది, కాదనే హక్కు అమ్మేవాడికుంది. కానీ ఇంటిని తిట్టినంత మాత్రాన ధర దిగదు. తలుపు మూసుకుంటుంది, అంతే.

మేస్టారు వారం ఆగారు. శ్రావణమాసం, ముసురు. పాత ఇల్లు చూడాలంటే వానాకాలంలోనే చూడాలి. ఎండాకాలంలో ఏ ఇల్లయినా బాగానే కనిపిస్తుంది. ఈసారి బావమరిది లేడు. తాపీమేస్త్రి, వడ్రంగి వచ్చారు. వడ్రంగి వాసాలను సుత్తితో తట్టి, బోలుగా పలికిన చోటల్లా సుద్దతో గీత పెట్టాడు. దూలాలు గట్టివే. మూలన రెండు వాసాలకు మాత్రం చెద పట్టింది. పైన బెంగుళూరు పెంకు. (పేరుకే బెంగుళూరు. ఈ రకం పెంకు ఫ్యాక్టరీని బాసెల్ మిషన్ వాళ్లు 1865లో పెట్టింది మంగుళూరులో.) సగం పెంకులు మళ్లీ వాడుకోవచ్చన్నాడు. గోడలు సున్నం గోడలు. వీటికి సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి పూత పెచ్చులూడుతుంది, మళ్లీ సున్నమే కొట్టాలని మేస్త్రి చెప్పాడు. సున్నం పని తెలిసినవాళ్లు ఇప్పుడెక్కడ దొరుకుతారన్నది వేరే బాధ.

ఇదంతా ఇంటాయన ఎదురుగానే జరిగింది. మేస్టారు తెల్లకాగితం మీద రాశారు. పైకప్పుకి రెండు లక్షల ఎనభై వేలు, కరెంటు వైరింగుకి ఎనభై వేలు, బాత్రూము, సెప్టిక్ ట్యాంకుకి లక్షా నలభై, గోడలకి, గచ్చుకి లక్షన్నర. మొత్తం ఆరున్నర లక్షలు. పెంకులు దించాక బయటపడే వాటికి ఇంకో లక్షన్నర. ముప్ఫైలోంచి ఎనిమిది పోతే ఇరవై రెండు. "ఇల్లు తక్కువదని కాదండీ, బాగు చెయ్యడానికి ఇంతవుతుంది. నా దగ్గరున్నదీ ఇంతే" అని కాగితం ఆయన చేతికిచ్చారు.

ఆయన కళ్లద్దాలు తెచ్చుకుని ఒక్కో అంకె చదివారు. గచ్చు దగ్గర ఆగి, "మా అమ్మ పడుకున్న గదిలో గచ్చు చెక్కుచెదరలేదు, దాన్ని కదపొద్దు" అన్నారు. ఆ మాట నిజమే. మేస్త్రి తలూపాడు, కొంత కొట్టేశారు. అలా మాటలు నడిచి నడిచి ఇరవై నాలుగు దగ్గర కుదిరింది.

ఇక్కడ చాలామంది మర్చిపోయే లెక్కొకటుంది. రిజిస్ట్రేషన్ ఖర్చు బేరం కుదిరిన ధర మీదే అనుకుంటారు. ప్రభుత్వ మార్కెట్ విలువ అంతకన్నా ఎక్కువుంటే ఆ విలువ మీదే కట్టాలి. ఈ ఇంటికి అది ఇరవై అయిదు లక్షలు తేలింది. స్టాంపు డ్యూటీ అయిదు శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటి, వెరసి ఏడున్నర శాతం. అంటే లక్షా ఎనభై ఏడు వేల అయిదు వందలు. ఆ సొమ్మూ ముందే పక్కన పెట్టుకోకపోతే పెంకులకని దాచిందే అక్కడ ఖర్చయిపోతుంది.

అంతకన్నా పెద్ద చిక్కు కాగితాల్లో ఉంది. ఇంటాయన తండ్రి వీలునామా రాయకుండా పోయారు. ఆయన సొంత సంపాదనతో కట్టిన ఇల్లు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకుతోపాటు ఇద్దరు కూతుళ్లకీ సమాన వాటా. (పిత్రార్జితంలో ఆడపిల్లలకు వాటా 1985 నుంచి మన రాష్ట్రంలో, 2005 నుంచి దేశమంతటా వచ్చింది. ఇది దానికన్నా పాత హక్కు.) "మా చెల్లెళ్లు అడగరండీ" అన్నారు ఇంటాయన. మేస్టారు మాత్రం యాభై వేలే అడ్వాన్సిచ్చి, ముగ్గురి సంతకాలూ పడ్డాకే మిగతాదని అగ్రిమెంటులో రాయించారు. ఈసీ కూడా తీయించారు. ధర తక్కువకొచ్చిందన్న సంబరంలో ఈ పని వదిలేసి, తర్వాత కోర్టుల చుట్టూ తిరిగేవాళ్లుంటారు.

రిజిస్ట్రేషన్ రోజున చిన్నచెల్లెలు సంతకం పెట్టేసి బస్సుకెళ్లిపోయింది. పెద్దచెల్లెలు తునినుంచి వచ్చింది. కలం పట్టుకుని, "మేస్టారూ, ఏ గది కూల్చేస్తారు?" అని అడిగింది.

"వంటిల్లొక్కటేనమ్మా, గోడ వంగిపోయింది."

ఆమె సంతకం పెట్టి, "అక్కడ మా అమ్మ రుబ్బురోలుంది. అది నాకిచ్చేయండి" అంది.

ఆ రోలు గచ్చులో సగం లోతుకు పాతేసి ఉంది. దాన్ని పెకలించడానికి నలుగురు మనుషులు, ఒక పూట పట్టింది. కూలీ మేస్టారే ఇచ్చారు.