చూపుకూ మర్యాద ఉంది

మా వీధిలోని ఫోటోగ్రాఫరు సోదరుడొకరు హైదరాబాదు పాతబస్తీలో వారం రోజులు కెమెరాతో తిరిగారు. చివరి రోజైన శుక్రవారం మేమూ వెంట నడిచాము. 1591 నాటి చార్మినారును, 1694లో పూర్తయిన మక్కా మస్జిదును అందరూ చిత్రించారనీ, తనకు ఎవరూ చూడనిది కావాలనీ ఆయన ఆరాటం.

లాడ్ బజారులో ఒక పెద్దాయన నిప్పుల మీద లక్కను మెత్తబరచి, గాజుగా చుట్టి, ఒక్కొక్క రాయినే అద్దుతున్నారు. ఏళ్ల తరబడి తగిలిన వేడికి ఆయన వేళ్లు నల్లబడ్డాయి. మా మిత్రుడు అడగకుండానే కెమెరా ఎత్తారు. పెద్దాయన చేతులు ఒడిలో దాచుకున్నారు.

"గాజులు తీసుకో బేటా, చేతులెందుకు?" అన్నారు.

మా తల వంగింది. అప్పటిదాకా మేమూ ఆ వేళ్లనే రెప్పవాల్చక చూస్తున్నాము. చూపులు వాల్చుకోమన్న నూర్ సూరా ఆదేశాన్ని పరస్త్రీల విషయంలోనే పిల్లలకు బోధిస్తూ వచ్చాము. పేదవాని కష్టం ముందు కూడా చూపుకు మర్యాద ఉండాలని మాకు తోచలేదు.

మిత్రుడు కెమెరా సంచిలో పెట్టి, సలాము చేసి, క్షమాపణ కోరారు. పెద్దాయన నవ్వి, పక్కన చోటు చూపారు. జుమా అజాన్ వినిపించేదాకా అక్కడే కూర్చున్నాము. తరువాత ముగ్గురమూ కలిసి మక్కా మస్జిదుకు నడిచాము.

అల్లాహ్ మన చూపులకు సంస్కారం ప్రసాదించుగాక! ఆమీన్.