వించియు – వివేకమును

బావి గిలక, రాతి బండను కదలించు గునపము, బస్తాల నెత్తు కప్పీ – ఇవన్నియు చాలని బలమునకు తోడువచ్చిన యుక్తులే. ఇరుసునకు తీగతాడు చుట్టి బరువును లాగు వించి కూడ ఆ కుదురునకు చెందినదే.

మేము ముగ్గురన్నదమ్ములము. మా అబ్బాజాన్ సరకుల బండి పాల్వంచ నుండి భద్రాచలము వారధి దాటి, దుమ్ముగూడెము, చర్ల దారుల వెంట అడవి గూడెములకు ఉప్పు, పప్పు, ఎరువులు చేరవేయును. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగులకు పెరిగినది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. నీరు తీసిన పిదప బాటల నిండ ఒండ్రుమట్టి మిగిలినది. బండి దిగబడిన రాత్రి మా ఇంట ఎవ్వరికిని ముద్ద దిగదు. అందువలన ఇంటి ముంగిటనే వించి బంపరు బిగింపవలెనని సంకల్పించితిమి.

పని యెట్లుండునో ముందుగా విచారించితిమి. పలుచని రేకు బంపరు ఆ లాగుడునకు ఆగదు; భారమంతయు ఛాసీ దూలములకే చేరవలెను. వెల్డింగు వేడిమి దూలమును బలహీనపరచవచ్చును గనుక దిట్టమైన బోల్టులే మేలు. నిండు బరువు లాగునపుడు విద్యుత్ వించి వందల ఆంపియర్లు గుంజును. అందుకు లావైన కేబులు కావలెను. రేడియేటరుకు గాలి అడ్డరాదు. ఇంతవరకు పానాలతో తీరు పనియే.

అయితే చట్టమొకటి కలదు. మోటారు వాహనముల చట్టము, 1988లోని 52వ సెక్షను, నమోదైన వివరములకు భిన్నముగ బండిని మార్చుటను నిషేధించుచున్నది. ముందు బిగించు ఉక్కు గార్డులపై చర్య తీసికొనవలసినదిగా 2017 డిసెంబరులో కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ రాష్ట్రములకు వ్రాసినది. వంగని ఉక్కు తగిలిన పాదచారికి గాయము హెచ్చు. మా దారిలోనో, బడిపిల్లలును సంతకు పోవు తల్లులును రోడ్డు అంచుననే నడతురు.

అబ్బాజాన్ అంతయు విని, "బండి ఆగితే ఒక రోజు కిరాయి పోతది బేటా. మనిషి పోతే ఏం తెచ్చిస్తం?" అనిరి. మా లెక్క తేలినది.

బంపరునకు దాచిన పైకముతో మీట ఆడించి లాగు చేతి వించిని, ఒక కప్పీని, వెడల్పైన పట్టీని కొంటిమి. బండితో వచ్చిన కొక్కెమునకే వించిని తగిలింతుము. బండికి మార్పేమియు లేదు. తాడు కప్పీ చుట్టి వెనుకకు వచ్చినచో లాగుడు దాదాపు రెట్టింపగును, వేగము సగమగును. చెట్టునకు తీగతాడు నేరుగా చుట్టిన బెరడు తెగును. పట్టీ వేసిన నిలుచును. కోయ సోదరులకు ఇప్పచెట్టు పూజనీయము. దాని నెన్నడును ముట్టము. బిగిసిన తాడుపై తడి గోనెసంచి వేసి, అందరిని దూరము నిలిపిన పిమ్మటనే మీట పట్టుదుము.

గత వానకాలమున చర్ల దారిలో మొదట బస్తాలు దించి, వంతులవారీగా మీట ఆడించి బండిని గట్టెక్కించితిమి. చేతులు బొబ్బలెక్కినవి, సరకు మాత్రము ప్రొద్దు గ్రుంకకముందే గూడెము చేరినది.