మగతోడు లేని బస

మా నారాయణఖేడునకు రైలు లేదు. పోయిన పుష్యమాసమున మగవారు కందికోతలలో నుండగా, మేము, అనగా అత్తగారును కోడండ్రము ఇరువురమును, బస్సుపై హైదరాబాదును, రాత్రిరైలులో విశాఖపట్టణమును జేరి, కిరండోలు రైలులో సొరంగములు దాటుచు అరకున దిగితిమి. సముద్రమట్టమునకు 900 మీటర్ల యెత్తు, చలి మెండు.

మొదటి లాడ్జిలో గుమాస్తా మా ఆధారు కార్డులు చూచి, "మగవారెవరును లేరా?" యని యడిగెను. లేరంటిమి. "అట్లయిన గది లేదు. ఇది ఫ్యామిలీ లాడ్జి" యనెను. అత్తయు కోడండ్రును కుటుంబము గాకున్న మఱి కుటుంబమనగా నేమో! గోడపై తాళపుచెవులు వ్రేలాడుచునే యున్నవి. అత్తగారు పెట్టెపై కూలబడిరి. సిగ్గుపడవలసినది మేము గాకున్నను మాకే సిగ్గు కలిగినది.

సంత దాటినపిమ్మట నొక చిన్న హోటలు కనబడెను. బల్లకడ నున్న యజమానురాలు మఱేమియు నడుగక పేర్లు వ్రాసికొని, పెద్దామెకు మెట్లెక్కు పని లేని గది చూపినది. అద్దె స్వల్పమే. అయినను సొమ్ము చెల్లింపకముందే లోగడియ పడునో లేదో చూచితిమి. వేడినీటి వేళ యడిగితిమి. లెక్క 24 గంటలదా, మధ్యాహ్నము వఱకేనా యని విచారించితిమి. సోదరీమణులారా, ఈ తుదిమాట మఱువకుడు. మధ్యాహ్నపు లెక్కయైనచో రాత్రి దిగినవారికిని మఱునాటి పండ్రెండు గంటలకే దినము ముగియును.

ఉదయమున పిల్లవాడు కాఫీ తెచ్చెను. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ యదియే. త్రాగినంతనే అత్తగారు గ్లాసులు కడుగ లేచిరి. "అవి వారు కడుగుదురు" అంటిమి. ఆమె కొంతసేపు ఊరక కూర్చుండి, పిదప తలుపు తీసి, ఇంకొక గ్లాసు తెమ్మని తామే పిలిచిరి.