కాలువ గట్టున నాలుగు రోజులు

కోనసీమ ప్రయాణమంటే ఎవరికైనా కొబ్బరి తోటలూ, పూతరేకులూ గుర్తుకొస్తాయి. ఈ వేసవి సెలవుల్లో నేను వెళ్ళింది మాత్రం ఒక పాత బండిని ఇనపసామానువాడికి తూచి ఇవ్వడానికి సరే అని ఒకమాట చెప్పిరావడానికి!

రాజమండ్రిలో బస్సెక్కి ధవళేశ్వరం మీదుగా బయలుదేరాను. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట స్థానంలో, 1982 నుంచి కొత్త బారేజి నిలిచివున్నది. బొబ్బర్లంక దాటింది మొదలు కాలువ మన పక్కనే వస్తుంది. లొల్ల లాకుల దగ్గర పాయలుగా చీలుతుంది. వేసవి గనక కాలువలు కట్టేశారు. అడుగున బురద, అక్కడక్కడ మడుగులు, మడుగుల్లో గేదెలు. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద కాలువే నదిని దాటుతుంది. పాత కమానుల పక్కన కట్టిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆ నీరే అవతల మా వూరికి అన్నం.

దారిలో కాటన్ దొర విగ్రహాలు కనిపిస్తూనే వుంటాయి. నీరు తెచ్చినవాణ్ణి మనవాళ్ళు మరిచిపోలేదు. అయితే తెచ్చిన నీరు పోయే దారి మాటేమిటి? మురుగు కాలువ తవ్విన వాడికి విగ్రహం నేనెక్కడా చూడలేదు. 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పుకున్న బాధల్లో మురుగు కాలువలు పూడిపోవడం కూడా ఒకటి. వాన పడితే చేను చెరువై, నాట్లు కుళ్ళిపోయేవి.

ఆ మరుసటి యేడే అన్నయ్య ఒక బుల్లి ట్రాక్టరు కొన్నాడు. దానికి ముందు పార, వెనక తవ్వే చెయ్యి. "మురుగు తవ్వడానికి అంత ఖరీదైన బండా?" అని నేను నవ్వాను. ఆ నవ్వుకు అన్నయ్య యేమీ అనలేదు. తన చేను గట్టుతో బాటు పక్కవాళ్ళ గట్టుకూడా తవ్వుకుంటూ పోయాడు. ఆరేళ్ళ క్రితం ఒక సాయంత్రం పని మధ్యలో గుండె నొప్పి వచ్చి, బండి దిగి, రాజమండ్రి ఆసుపత్రికి వెళ్ళాడు. తిరిగి రాలేదు.

బండి ఆ గట్టు మీదే వుండిపోయింది. మావాడు పైన ఒక బరకం కప్పాడు. అదీ చినిగిపోయింది. నేను వెళ్ళేసరికి చాచిన చెయ్యి చాచినట్టే వుంది. బకెట్టులో ఆనాటి మట్టి, ఆ మట్టిలో పడ్డ కొబ్బరికాయ మొలిచి మోకాలెత్తు మొక్క!

"అమ్మేద్దాం బాబాయ్. అమ్మ, నువ్వు సరేనంటేనే ఒప్పుకుంటానంటోంది" అన్నాడు మావాడు.

వదిన మాట్లాడలేదు. నా నోట సరే అన్నమాట రాలేదు. "అమ్మబోయేముందు ఎవరిచేతనైనా ఒకసారి చూపిద్దాం" అన్నాను.

రాజోలునుంచి పెద్ద మేస్త్రీ వచ్చాడు. కొత్త బ్యాటరీ తెస్తానంటే వద్దన్నాడు. "ముందు చేత్తో తిరగాలండి. బిగుసుకున్న ఇంజన్ని కరెంటుతో తిప్పితే లోపల ఏదో ఒకటి విరుగుద్దండి. ఆయ్." నాజిళ్ళు విప్పి, సిలిండర్లలో కాస్త నూనె పోసి రాత్రంతా వదిలేశాడు. తెల్లవారి క్రాంకు పుల్లీకి పొడుగాటి స్పానరు తగిలించి నొక్కితే, మొరాయించి మొరాయించి వెంట్రుకవాసి కదిలింది. మేస్త్రీ ముఖాన అప్పుడు నవ్వు చూశాను.

ఆపైన ఒక్కొక్కటే. గాలి ఫిల్టరులో ఎలుకల గూడు. టాంకు అడుగున నీళ్ళూ, నల్లటి జిగురూ. కడిగి, ఫిల్టర్లు మార్చి, కొత్త డీజిలు పోసి, బుడగలు ఆగేదాకా చేతి పంపుతో గాలి తీశారు. క్లచ్చి ప్లేటు తుప్పుకి అతుక్కుపోతే విడదీశారు. చేతిని నడిపే హైడ్రాలిక్ నూనె కల్లులా తెల్లబడింది. అంటే నీరు చేరిందన్నమాట. దాన్నంతా పారబోసి, పగిలిన హోసులు మార్చారు. కారుతున్నదేమోనని నేను వేలు పెట్టబోతే మేస్త్రీ గభాలున నా చెయ్యి లాగేశాడు. ఆ వొత్తిడికి సన్నటి నూనె ధార చర్మంలోకి దిగిపోతుందట. అట్టముక్క పెట్టి చూడాలట. ముప్ఫై యేళ్ళ చదువు అక్కడ అక్కరకు రాలేదు సుమండీ!

అన్నిటికన్న పెద్ద దెబ్బ సిలిండరు కడ్డీకి తగిలింది. నున్నగా వుండవలసిన కడ్డీ నిండా తుప్పు గుంటలు. అలాగే నడిపితే సీలు చిరిగిపోతుందట.

"అరిగిపోయింది కాదండీ మేష్టారూ, ఊరికే వుండి పాడయ్యింది. పనయ్యాక చెయ్యి ముడిచి పెడితే ఈ కడ్డీ లోపల నూనెలో భద్రంగా వుండేదండి. ఎవరో పని మధ్యలో వొదిలేశారు."

వదిన మంచినీళ్ళ చెంబుతో అక్కడే నిలబడి వుంది. నేను తలవంచుకున్నాను. ఆరేళ్ళలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి వచ్చి ఆ చెయ్యి ముడిపించలేకపోయాను.

కొత్త కడ్డీ కోసం మావాడు రాజమండ్రి పరుగెత్తాడు. లేతు పనివాడు కొలతకు కోసి ఇచ్చాడు. నాలుగో రోజు మధ్యాహ్నం, ప్రతి పిన్నుకీ గ్రీజు పట్టించాక, బ్యాటరీ పెట్టారు. మొదట తెల్లటి పొగ, దగ్గు, మళ్ళీ దగ్గు. తరవాత స్థిరంగా చప్పుడు. కొబ్బరి చెట్టు మీది కాకులు లేచిపోయాయి. బకెట్టులోని మొక్కను వదిన అప్పటికే తీసి పెరట్లో నాటింది.

మావాడు బండెక్కి, "ఎక్కణ్ణుంచి తవ్వమంటావు బాబాయ్?" అన్నాడు. అమ్మకం మాట ఎత్తలేదు.

గుర్రపుడెక్క కమ్ముకున్న కాలువలో నాకు ఏ గుర్తూ కనిపించలేదు. వదిన చెయ్యి చాపి, గట్టు వంపు దగ్గర ఒక తూముకేసి చూపించింది.

"ఆ రోజు ఆయన అక్కడిదాకా వచ్చారు."

అక్కణ్ణుంచే మొదలుపెట్టాం. సాయంత్రానికి యాభై అడుగులు తెరిపి అయింది. నిలవ నీరు మెల్లిగా కదలడం నా కళ్ళతో చూశాను. చీకటి పడేవేళ మావాడు ఇంజను ఆపబోతే మేస్త్రీ కేకేశాడు:

"అబ్బాయ్, ముందు చెయ్యి ముడువు!"