వంకర విల్లు, నా వంకర తర్కం

మొన్న వానాకాలంలో జరిగిన సంగతి. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. కానీ ఇతరుల మూఢనమ్మకాల మీద ఇక్కడ ఇన్ని టపాలు రాశాను కదా, నాదీ ఒకటి రాయకపోతే న్యాయం కాదు.

ఘజియాబాద్‌లో మా పై వాటాలో మా అక్కావాళ్ళుంటారు. మా మేనల్లుడికి విలువిద్య పిచ్చి. మన దేశంలో జరిగే పోటీల్లో ఇండియన్ రౌండ్ అని ఒక విభాగం ఉంది. అందులో కార్బన్ విల్లులూ గిలకల విల్లులూ కుదరవు, వెదురుదో చెక్కదో వాడాలి. 2010 కామన్వెల్త్ క్రీడలప్పుడు ఢిల్లీలోని యమునా స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లోనే ఆర్చరీ పోటీలు పెట్టారు. అప్పుడు రెండు స్వర్ణాలు గెలిచిన దీపికా కుమారి మొదట్లో ఇంట్లో చేసుకున్న వెదురు విల్లుతోనే నేర్చుకుందిట. ఇది చదివిన దగ్గర్నుంచీ "మామయ్యా, మనమే విల్లు చేద్దాం" అని వాడు ఒకటే పోరు.

వేసవి సెలవుల్లో కూచున్నాం. నిచ్చెనలమ్మే కొట్లో ముదురు వెదురు కొని, చీల్చి, మే నెల వడగాల్పుకి ఆరబెట్టాం. వెదురులో పైచర్మం వైపు నారలు దట్టంగా ఉంటాయి కాబట్టి సాగే బలమంతా అక్కడే. ఆ వైపు లక్ష్యానికి ఎదురుగా ఉంచి, ముట్టుకోకూడదు. గీకేదంతా లోపలి వైపే. గాజుపెంకుతో గీకి గీకి జూన్ ఆఖరుకి విల్లు తయారుచేశాం. లాగితే సామాను తూచే కాటా మీద 13 కిలోలు చూపించింది. వాడి ఆనందానికి అంతు లేదు.

జులైలో నారి ఎక్కించి చూస్తే పై సగం మెలి తిరిగి ఉంది. నారి మధ్యలో ఉండాల్సింది ఓ అంచు వైపు జరిగింది. ఇది చూడ్డానికి బాగుండకపోవడం ఒక్కటే కాదు. మెలి ఎక్కువైతే లాగినప్పుడు నారి జారిపోయి, విల్లు ఒక్కసారిగా తిరగబడి మొహానికి తగలొచ్చు.

అక్క చూసి, "దిష్టిరా. కాలనీ అంతా చూపించాడు కదా" అంది. ఆ శనివారమే సిగ్నల్ దగ్గర అమ్మే నిమ్మకాయ మిరపకాయల దండ కొనుక్కొచ్చి విల్లు తగిలించే మేకుకి కట్టింది. నేను మామూలుగానే ఓ ఉపన్యాసం ఇచ్చాను. తర్వాత గాజుపెంకు తీసుకున్నాను.

నారి పైకి ఉండేలా పట్టుకుని కొస వైపు నుంచి చూస్తే ఒక అంచు లేచి, ఇంకోటి దిగి కనిపించింది. లేచినదాన్ని చెక్కితే సమానమవుతుందనుకున్నాను. బల్లకి చిత్రిక పట్టే ఏ వడ్రంగైనా అదే చేస్తాడు కదా! నాలుగు రోజులు కొంచెం కొంచెం గీకాను. మెలి తగ్గలేదు సరికదా, పెరిగింది.

"వానాకాలంరా. ఢిల్లీలో మే నెలలో గాలి ఎండిపోయి ఉంటుంది, జులై వచ్చేసరికి తడితో బరువెక్కుతుంది. వెదురు ఆ తడి పీల్చుకుని తిరుగుతోంది" అన్నాను. అబద్ధం కాదు. తేమకి చెక్క ఉబ్బుతుంది, వంకర పోతుంది, అందరికీ తెలిసిందే. అందుకే అంత ధీమాగా చెప్పాను.

మా వాడు కాసేపు విల్లు వైపు చూసి, "మరి కింది సగం మీద వాన పడలేదా, మామయ్యా?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఒకే వెదురు, ఒకే మేకు, ఒకే గాలి. కింది సగం తిన్నగా ఉంది. నేను గీకిన సగమే పాడైంది. పోలిక చూసుకోవడానికి రెండో సగం కళ్ళెదుటే ఉన్నా నేను దాని వైపు చూడలేదు.

అప్పుడు కుదురుగా మొదలుపెట్టాం. ముందు నారి తీసి చూశాం. నారి లేకుండా కూడా మెలి ఉంటే వెదురు పుట్టు వంకరన్నమాట. సన్నసెగ మీద కాచి, ఎదురు వైపుకి మెలిపెట్టి, చల్లారేదాకా పట్టుకోవాలి. మాది నారి తీస్తే తిన్నగానే ఉంది. తర్వాత నారి తగిలించే గాళ్ళు చూశాం. ఒకటి లోతు, ఒకటి మెట్ట అయితే నారి పక్కకి లాగుతుంది. అవీ సరిగ్గానే ఉన్నాయి. ఇక మిగిలింది అంచుల బలంలో తేడా.

కాగితం మీద గీసుకుంటే విషయం తేలిపోయింది. నారి ఎక్కించిన విల్లు కొసలు నారి వైపుకి వంగుతాయి. బలహీనమైన అంచు ఎక్కువ వంగుతుంది కాబట్టి పైకి లేచినట్టు కనిపించేది అదే. గీకాల్సింది లేచినదాన్ని కాదు, తక్కువ వంగిన గట్టి అంచుని. అంటే నేను నాలుగు రోజులూ బలహీనుణ్ణే ఇంకా బలహీనుణ్ణి చేశాను.

ఈసారి గీకే ముందే పందెం రాసుకున్నాం: తప్పు వానది అయితే గట్టి అంచు గీకినా మెలి తగ్గకూడదు, అంచులది అయితే తగ్గాలి. పిడి దగ్గర ఒకటి, కొస దగ్గర ఒకటి, రెండు చీపురు ఈనెలు అడ్డంగా అంటించి, రెండింటి మధ్య తేడా ఫోన్‌లో ఫోటో తీశాం. మెలి మొదలయ్యే చోట లోపలి వైపు పది గీట్లు, ముప్ఫైసార్లు కొంచెం కొంచెం లాగడం, మళ్ళీ ఫోటో. అంతే. మూడో రోజుకి ఈనెలు రెండూ ఒక వరసలోకొచ్చాయి. అప్పుడూ బయట వాన పడుతూనే ఉంది.

అయితే పోయింది తిరిగి రాలేదు. చెక్కని తియ్యగలం గానీ తిరిగి పెట్టలేం. పై సగం పల్చబడింది కాబట్టి దానికి సరితూగేలా కింది సగాన్నీ గీకాల్సొచ్చింది. చివరికి కాటా 11 కిలోలు చూపించింది. 30 మీటర్ల దగ్గర బాణాలు కిందికి పడడం మొదలైంది. రెండు వారాల్లో జిల్లా ఎంపిక పోటీలు. పాపం గురి మళ్ళీ మొదటినుంచీ నేర్చుకున్నాడు, ఎంపిక కాలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

విల్లు బాగుపడిందని తెలిసి అక్క, "చూశావా, నిమ్మకాయ పనిచేసింది" అంది.

"మరి కట్టిన వారంలో మెలి ఎందుకు పెరిగింది?"

"అప్పటికి ఎండిపోయింది. మార్చాను కదా!"

నవ్వొచ్చింది, కానీ నోరు మూసుకున్నాను. నిమ్మకాయ తప్పని తేలడానికి ఏం జరగాలో అక్క చెప్పలేదు. వాన తప్పని తేలడానికి ఏం జరగాలో నేనూ ఆలోచించలేదు. సైన్సు పదాలున్నంత మాత్రాన నా మాట సైన్సయిపోదు. పైగా లెక్క చూస్తే అక్క నిమ్మకాయ వల్ల విల్లుకి రవ్వంత నష్టం లేదు. రెండు కిలోల బలం తీసింది నా హేతువాదమే.

ఇప్పుడు రెండో విల్లుకి వెదురు ఆరుతోంది. ఈసారి రెండు సగాల మీదా, నాలుగంచుల మీదా పెన్సిలుతో గుర్తులు పెట్టాం. గాజుపెంకు మా వాడి దగ్గరే ఉంటుంది. ఎక్కడ గీకాలో, ఎందుకో, ఏం జరుగుతుందనుకుంటున్నానో ముందు కాగితం మీద రాసిస్తేగానీ నా చేతికివ్వడు.