ఏ చీర మీదకి?

“జపాను పట్టు జాకెట్టు కొన్నావటగా! ఏ చీర మీదకమ్మా?” అని ఫోనులో మా వదిన.

తప్పు నాదే. హావోరి అనాల్సింది. కిమోనో మీద వేసుకునే పైకోటు. ముందు గుండీలుండవు, చిన్న తాడు ముడి వేసుకోవడమే. క్యోటోలో తోజీ గుడి దగ్గర ప్రతి నెలా 21న జరిగే సంతలో, పాత బట్టల గుట్టలో దొరికింది. ఫొటో పంపితే “ప్లీడరు కోటులా ఉందే” అంది.

పైకి అంతే మరి. ఒట్టి నలుపు, ఐదు చోట్ల తెల్లటి వంశ చిహ్నాలు. తిరగేస్తే కదా, మబ్బుల మీద ఫుజి కొండ! ఎడో కాలంలో వర్తకులు ఆడంబరంగా తిరగకూడదని ఏలినవారు ఆంక్షల మీద ఆంక్షలు పెట్టారు. వీళ్ళు బుద్ధిగా తలూపి, డబ్బంతా అస్తరు మీద పోశారు. ఎవరింట్లోనో కోటు విప్పినప్పుడు ఒక్క మెరుపు, అంతే.

నా అస్తరు మీదది యూజెన్ పని. మనం గంజి పెట్టేది బట్ట బిరుసెక్కడానికి. వాళ్ళు జిగురు బియ్యపు ముద్దతో సన్నటి గీతలు గీస్తారు, ఒక రంగు పక్క రంగులోకి పారకుండా పొలానికి గట్టు వేసినట్టు. లోపల రంగులద్ది, ఆవిరి పట్టి, కడిగేస్తే గట్టు పోయి తెల్లటి గీత మిగులుతుంది. కోటంతా తిన్నని ముక్కలే. కుట్లు విప్పి, మళ్ళీ తానులా కలిపి ఉతుక్కోవచ్చు.

రంగు పారడమంటే గుర్తొచ్చింది. మా చెల్లెలి పెళ్ళికి మామిడిపండు రంగు పట్టు జాకెట్టు కుట్టిస్తే, మా వీధి టైలరు దానికి ఎర్ర లైనింగు వేశాడు. తడిపి ఆరబెట్టలేదు. తలంబ్రాల వేళకి నా చంకలు బీట్‌రూట్ కూర! అడిగితే, “లోపలిదేగా, ఎవరు చూస్తారమ్మా?” అన్నాడు. ఇరవై రెండేళ్ళయింది. ఇప్పటికీ ఆ వీధిలోంచి వెళ్ళను, చుట్టు తిరిగి పోతాను.

అమ్మ తన జాకెట్లు తనే కుట్టుకునేది. అస్తరుకి నాన్న పాత పంచెలే. ఉతికి ఉతికి మెత్తబడ్డ ఆ నూలు ముందు ఏ బజారు లైనింగైనా గోనెపట్టానే. అమ్మ పోయాక బీరువా సర్దుతూ ఒకటి తిరగేశాను. వీపు మీద, సరిగ్గా మెడ కింద, నాన్న పంచెకి చాకలి పెట్టిన నల్లజీడి గుర్తు. మూడు చుక్కలు, ఒక గీత.