అటకమీది కుట్టుమిషను

మన గోదావరి సీమలో మూడు నాలుగు తరములు నిలిచిన యిండ్లయందు, అటకమీద ఇత్తడి గంగాళముల ప్రక్కను ఒక పాత కుట్టుమిషను పడియుండుట మన మెరిగినదే. నగలకు లెక్క యుండును. పొలమునకు దస్తావేజు లుండును. ఆ మిషను సంగతి మాత్రము ఎవరును వ్రాసియుంచరు. అయినను ఆ నల్లని యినుపముద్ద ఎన్ని సంసారములను గట్టెక్కించినదో ఆ యిండ్ల స్త్రీలకు తెలియును. 1924లో యంత్రములను గూర్చి తన్నడిగినవారితో ప్రసంగించుచు గాంధీ మహాత్ముడు సింగరు కుట్టుమిషనును మాత్రము తన యాక్షేపణనుండి మినహాయించెను. భార్య పడు శ్రమను చూడలేక సింగరు దానిని కల్పించెనని ఆయన భావము.

మా యత్తగారి మిషను అట్టిదే. అది వారి తల్లిగారిది. 1958లో సారెతోబాటు అత్తవారింటికి వచ్చినది. ముప్పదియేండ్లు నిండకమునుపే వారికి వైధవ్యము ప్రాప్తించెను. ముగ్గురు బిడ్డల చదువులును ఆ మిషను చక్రముతోడనే నడిచినవి. 1986 ఆగష్టులో గోదావరి పొంగి లంకగ్రామములను ముంచినపుడు మా యిల్లును మునిగెను. మనుష్యులము బయటపడితిమి గాని, మిషను దినములకొలది ఒండ్రునీటిలో నుండిపోయెను. పిదప నది యటక యెక్కెను. ఎనుబదియైదవ యేట అత్తగారు మనుమరాలికి కుట్టు నేర్పవలెనని సంకల్పించి దానిని దింపించిరి. క్రొత్త మిషను కొందమని మేమంటిమి. “నా చేతికి తెలిసింది ఇదొక్కటే, అమ్మాయీ” యని వారనిరి. చూపు మందగించుచున్న వారికి జాగు చేయుటకు వ్యవధి లేదని మాకును తెలియును.

బిగిసిన యినుము వదలుట కష్టము కాలేదు. దొరికిన కొంచెము కిరసనాయిలుతో కీళ్లను నానబెట్టి, పదునైదు దినములు ఓర్పుతో కదల్చి, తరువాత మిషను నూనె వేసితిమి. బంగారు పూలరంగుమీద మాత్రము స్పిరిటు తగులనీయరాదు. ఒక్క తుడుపుతో అది పోవును. చక్రము తిరిగినది. కాని లోపల షటిలు లేదు. దానిని కప్పు జరుపు పలకయు లేదు.

ఈ షటిలు నేటి మిషనులలోని గుండ్రని బాబిను కేసు వంటిది కాదు. మన బండారులంక సాలెవారి మగ్గములలోని నాడెను చిన్నదిగా చేసినట్లుండును. లోపల సన్నని పొడుగు బాబిను ఇమిడియుండును. సూది దారముతో క్రిందికి దిగి కొంచెము పైకి లేచునప్పుడు దారము చిన్న ఉచ్చుగా విచ్చుకొనును. షటిలు ఊగుచు వచ్చి ఆ యుచ్చులో దూరి పోవును. ముక్కు మొక్కవోయినచో కుట్టు తప్పును; గీత పడినచో దారము తెగును.

విడిభాగము వెదకుటకు ముందు మిషను జాతిని తెలిసికొనవలెను. పీటమీద చెక్కిన అక్షరమును, అంకెలను మేము తుడిచి చదివితిమి. సింగరు వారు ఏ సంఖ్యలను ఏ తరగతికి కేటాయించినదియు లెక్కలలో నున్నది. మాది 28 కె. ‘కె’ యనగా స్కాట్లండులోని కిల్బోవీ కార్ఖానా. అది 1885లో పని మొదలిడి 1980లో మూతపడెను. 27, 28, 127, 128 తరగతులకు షటిలును బాబినును ఒకటే. కావున “సింగరు షటిలు కలదా?” యని యడిగిన లాభము లేదు, తరగతి చెప్పి యడుగవలెను. సూదికి మాత్రము చింత లేదు. నేటి యింటి మిషనుల సూదియే సరిపోవును. మరలు బజారువి పనికిరావు. సింగరు వారి మరచుట్టు వేరు. బలవంతముగా త్రిప్పినచో రంధ్రమే పాడగును.

రాజమహేంద్రవరమున తాడితోట బట్టల బజారు చుట్టుప్రక్కల బాగుచేయువారి నందరిని అడిగితిమి. వారి డబ్బాలనిండ గుండ్రని బాబిను సామానే. మన యిండ్లలోని నల్లని ఉషా మిషను సింగరు 15వ తరగతి పోలికది గదా! టపాలో క్రొత్త నకలు షటిలొకటి తెప్పించితిమి. దాని ముక్కు గరుకుగా నుండి జానెడు కుట్టునకొకమారు దారము తెగెను. కొందరు పాత మిషనులను చూపనే చూపరు. లోపల ఎఱ్ఱ పాదరసమున్నదనియు, లక్షలు పలుకుననియు వారి నమ్మిక. 2009లో సౌదీ అరేబియాలో ఈ పుకారు పుట్టి వెలలు ఆకాశమంటెను. అది వట్టి మోసమని అక్కడి పోలీసులే ప్రకటించిరి. పనికై గల్ఫు దేశములకు పోవు స్త్రీలు మన కోనసీమలో ననేకులు గనుక ఈ మాట గట్టిగా చెప్పుచున్నాము: కుట్టుమిషనులో పాదరసము లేదు.

తుద కొక బాగుచేయువాని కొట్టులో మా తరగతి మిషనే కనబడెను. ఒక ముసలమ్మ అమ్మకమునకు తెచ్చి పెట్టినది, చక్కగా కుట్టుచున్నది. “కొని షటిలు తీసికొనండి, తక్కినది ఇనుము క్రింద పోవును” అని అతడు సలహా చెప్పెను. వెల మాకు భారము కాదు. ఇంటికి వచ్చి అత్తగారితో చెప్పగా వారు కొంతసేపు మాటాడలేదు. “నడిచే మిషను నాపి మన మిషను నడిపిస్తామా? అదీ ఎవరో ఒకరికి అన్నం పెట్టిందే కదా” యని మాత్ర మనిరి. మేము కొనలేదు. మనుమరాలి వేసవి సెలవులు అట్లే గడచిపోయెను.

మఱి మూడు మాసములకు పాలకొల్లు వైపున పాత యినుము కొట్టులో మెడ విరిగిన మిషనొకటి దొరికెను. పోత యినుము విరిగినది, ఇక నతుకదు. షటిలు మాత్రము లోపల చెక్కుచెదరక యున్నది. తూకము వెలకు తెచ్చితిమి. ఆ రాత్రియే అత్తగారు మనుమరాలి చేతిని చక్రముమీద నుంచి, రెండవ చేతితో బట్టను తామే నడిపిరి. పలక యింకను దొరకలేదు; షటిలు ఊగుట పైకి కనబడుచున్నది. పిల్ల వ్రేలు అటు పోనీయక చూచుకొనుచున్నాము.

కావున సోదరీమణులారా, మీ యటకమీది మిషనును ఒకమారు దింపి చూడుడు. దాని సంఖ్యను, అది యెవరిదో, ఎట్లు వచ్చినదో ఒక కాగితముమీద వ్రాసి సొరుగులో నుంచుడు. రేకుడబ్బాలోని చిన్న యినుప ముక్కలను చెత్త యని పారవేయకుడు. నడచుదానిని నడవనిండు. విరిగినదాని నిచ్చివేయునపుడు షటిలును, పలకను ముందుగా తీసి దాచుడు. మఱియొక యింట ఒక పెద్దముత్తయిదువో, ఒక వితంతువో వానికై ఎదురు చూచుచుండవచ్చును.